క్యాసెట్లో కేశవ గొంతు

ధర్మవరంలో మగ్గాలకు కొత్త పడుగు పోగులు అతికే శ్రీరంగప్ప వేళ్లు ఊరికే ఉండవు. పని లేనప్పుడు మోకాలి మీద దరువు వేస్తుంటాయి. వయసులో ఆయన బెంగళూరు క్లబ్బుల్లో ఒక రాక్ బ్యాండుకు డ్రమ్స్ వాయించినాడని తెలిసినవాళ్లు తక్కువ. ఆ రోజుల గుర్తుగా మిగిలింది ఒక్క క్యాసెట్టు. బ్యాండులో పాడిన కేశవ, కూతురు చంద్రిక తల్లి కడుపులో ఉండగానే పోయినాడు. తండ్రి గొంతు ఎన్నడూ వినని ఆ పిల్ల మొన్న ఆ క్యాసెట్టు కోసమే వచ్చింది. శ్రీరంగప్ప ఉతికిన చొక్కా తొడుక్కొని, టేప్‌రికార్డరు తుడిచి, పాట పెట్టినాడు. డ్రమ్స్ మోత కింద పాట బోరుగుంతలోంచి వస్తున్నట్టు ఎక్కడో ఉంది. ఒక్క మాటా తెలియడం లేదు.

"ఆ పొద్దు రికార్డరు నా డ్రమ్స్ పక్కనే పెట్టుకొంటి తల్లీ," అని ఆయన తల దించుకున్నాడు.

పాట ఆగింది. గ్లాసుల చప్పుడు మధ్య ఒక మగ గొంతు స్పష్టంగా పలికింది: "రేయ్ రంగా, మెల్లగా కొట్టప్పా! నా పాట నాకే ఇనపడల్యా!"

చంద్రిక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అంతలోనే డ్రమ్స్ మళ్లీ అందుకున్నాయి, ఇంకా గట్టిగా.

"నాయన మాట నువ్వు ఇనలేదు చిన్నాయనా," అంది, కళ్లు తుడుచుకొని నవ్వుతూ.

"యాడ ఇన్యా!" అంటూ, ఆ పిల్ల అడగకముందే, ఆయన టేపును ఆ తిట్టు దగ్గరికి వెనక్కి తిప్పినాడు.