స్విచ్చు మీద గాజులు

పొద్దున వంటింట్లో మిక్సీ కడుగుతున్నాను. ప్లగ్గు పీకి, దాని తీగకు నా మట్టిగాజులు దూర్చి, గోడ మేకుకు వేలాడదీశాను. కిటికీలోంచి గాలి వచ్చి గాజులు ఒకదానికొకటి తగిలాయి. పొయ్యి మీద పాలు పొంగుకొస్తున్నాయి. ఆ వాసన, ఈ గలగల ఒక్కచోట కలిస్తే చాలు, నేను మా వంటింట్లో ఉండను. గోదావరిఖని శివార్లలోని పాల డెయిరీలో, ఆవిరి మధ్య, హుస్సేన్ కాక పక్కన నిలబడి ఉంటాను.

మీరు ఆయన్ని చూడలేదు గనుక చెబుతాను. పొట్టి మనిషి, నెరిసిన గడ్డం. ఎంత రుద్ది కడిగినా కనురెప్పల అంచున బొగ్గు కాటుకలా నిలిచిపోయి ఉండేది. బొగ్గుబాయిలో ఫిట్టరుగా చేసి రిటైరై, పాలు ప్యాకెట్లలో నింపే మిషన్లను బాగుచేయడానికి డెయిరీకి వచ్చాడు. నల్లటి చోట బతికినవాణ్ని అల్లా తెల్లటి చోటికి పంపాడని నవ్వుకునేవాడు. నేనక్కడ ట్రేలు కడిగేదాన్ని. ఒకరోజు పంపు లోపలికి జారిన రబ్బరు రింగు ఆయన లావు వేళ్లకు అందక నన్ను పిలిచాడు. నా చెయ్యి సులువుగా దూరింది. "ఈ చెయ్యి ట్రేలు కడిగేది కాదు బేటీ," అన్నాడు. మర్నాటి నుంచి పని నేర్పడం మొదలుపెట్టాడు. పానా ఒక కొస పంపుకు, ఇంకో కొస చెవికి ఆనించమనేవాడు. బాగున్న పంపులో ఎవరో దూరాన మజ్జిగ చిలుకుతున్నట్టు ఉండేది. బేరింగు పాడవుతుంటే ఇసుర్రాయి తిప్పుతున్నట్టు గరగర. కళ్లు మూసుకుని వింటూ ఎంతసేపైనా ఉండిపోయేదాన్ని.

బాయిలోకి దిగేముందు బీడీలూ అగ్గిపెట్టెలూ ఉన్నాయేమోనని అందరి జేబులూ తడిమి చూస్తారు. కాక ఆ పద్ధతిని మిషన్ల గదికి తెచ్చాడు. అక్కడ నిప్పు భయం, ఇక్కడ పాలల్లో ఏం పడుతుందోనని భయం. పిన్నీసు, పూలు, ఉంగరం, అన్నీ గడప బయటే విడవాలి. నేను గాజుల దగ్గర ఆగిపోయాను. మా ఆయన బాయిలో పనిచేస్తాడు. మొగడు కింద ఉన్నంతసేపు ఆడదాని చెయ్యి బోసిగా ఉండొద్దని మా అత్త కట్టడి. ఆమె చెప్పిందనే కాదు, నాకూ భయమే. కాక తర్కం చేయలేదు. మా ఆయన ఏ షిఫ్టుకు దిగుతున్నాడో అడిగి, ఆయన పైన ఉండే వేళకు నా పని మార్చాడు. షిఫ్టు వదిలిన సైరన్ వినిపించి, ఆయన సైకిల్ గేటు ముందు నుంచి బెల్లు కొట్టుకుంటూ పోయాక గాజులు తీసేదాన్ని. "మొగడు పైకొస్తెనే ఈమె మిషన్ తెరుస్తది," అని ట్రేలు కడిగేవాళ్లు ఆటపట్టించేవారు.

కాక మోకాళ్లు అరిగి మానుకునే రోజు వచ్చింది. తన చోటు నాకిమ్మని ఆయనే అడిగాడు. పంపు నేనొక్కదాన్నే విప్పి, పాల ట్యాంకరు వచ్చేలోగా బిగిస్తే ఇస్తానని, లేకపోతే మళ్లీ ట్రేల దగ్గరికేనని సూపర్‌వైజర్ సారు చెప్పాడు. పొద్దుటి షిఫ్టులోనే చూస్తానన్నాడు. ఆ రోజు మా ఆయన అప్పుడే బాయిలోకి దిగాడు.

గడప దగ్గర నిలబడిపోయాను. సారు గడియారం చూసుకుంటున్నాడు. కాక నా పక్కకొచ్చి, మెల్లగా, ఏదో పాత కల చెబుతున్నట్టు చెప్పాడు.

"మా బేగం గాజులే ఏసుకోకపోతుండె బేటీ. రొట్టెల పిండి పిసుకంగ అడ్డమొస్తయని తీసిపెట్టేది. నేను రోజూ పైకే వచ్చిన గద."

"మరి ఆమెకు భయం కాలేదా కాకా?"

"అయితుండె. నేను ఇంటికొచ్చేదాంక రొట్టెలు చేసుకుంటనే ఉండేది. మా గల్లీ అంత తిన్నది ఆమె భయాన్ని."

నాకు నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి. సబ్బు నీళ్లతో గాజులు తీశాను. కాక పద్ధతి ఇంకొకటుంది. మిషన్‌లో చెయ్యి పెట్టేవాళ్లు తమ వస్తువు ఒకటి గడప బయటున్న మెయిన్ స్విచ్చు పిడికి తగిలించాలి. అది ఉన్నంతసేపు ఎవరూ స్విచ్చు వేయకూడదు, దాన్ని తీయాల్సింది తగిలించిన చెయ్యే. బాయిలో ఆయన తన ఇత్తడి బిళ్ల తగిలించేవాడట. నేను గాజులు తగిలించాను.

విప్పాను, కడిగాను, రింగు మార్చాను, బిగించాను. రింగు సరిగ్గా కూర్చుందో లేదోనని చివరిసారి చెయ్యి లోపలికి పెట్టి తడుముతున్నాను. గేటు దగ్గర ట్యాంకరు హారన్ మోగింది. అయిపోయిందనుకుని సారు తొందరగా స్విచ్చు మీద చెయ్యి వేశాడు. గాజులు గలగలమన్నాయి. ఆయన చెయ్యి అక్కడే ఆగింది. నేను చెయ్యి బయటికి తీసి, పైమూత బిగించి, నడుచుకుంటూ వెళ్లి గాజులు వేసుకున్నాను. "ఇగ ఎయ్యుండ్రి సార్," అన్నాను. పంపు మజ్జిగ చిలికింది.

ఆ మధ్యాహ్నం సైరన్ మోగాక గేటు దగ్గరికి పరుగెత్తాను. సైకిల్ బెల్లు వినిపించేదాకా నా ఊపిరి నాది కాదు. కాక నా వెనకే వచ్చి నిలబడ్డాడు. మా ఆయన కనబడ్డాక ఒక్క మాటే అన్నాడు, "రేపటి సంది నువ్వు గూడ రొట్టెలు చేసుకో బేటీ."

కాక ఇప్పుడు లేడు. డెయిరీలో నా దగ్గర పని నేర్చుకునే ఆడపిల్లలు స్విచ్చు పిడికి రబ్బరు బ్యాండో, జడ క్లిప్పో తగిలిస్తారు. వాళ్ల భయాలేమిటో ముందు అడుగుతాను, పని తర్వాత చెబుతాను. ఇంతలో ఇక్కడ వంటింట్లో మా ఆయన చట్నీ కోసం మిక్సీ దగ్గరికొచ్చాడు. మేకుకు గాజులు చూసి చేతులు వెనక్కి కట్టుకుని, నేను పాలు దించి వచ్చి వాటిని తీసేదాకా అలాగే నిలబడ్డాడు.