ముప్పై కొట్ల సర్వే

ఆ రోజుల్లో, అంటే డిగ్రీ ఆఖరి ఏడాదిలో, ఎవరినైనా మాట్లాడించగలనని నాకు గొప్ప నమ్మకం. చోడవరం బజారులో మా నాన్న కిరాణా కొట్టు గల్లాపెట్టె పక్కనే పెరిగినదాన్ని మరి. చిన్న వ్యాపారుల ఇబ్బందుల మీద ప్రాజెక్టు చెయ్యమని, యాభై కొట్లు తిరగమని మా సార్ అంటే, బేరమాడి ముప్పైకి దించేను. (పాతిక్కి కూడా దిగేవారే, నేనే మొహమాటపడ్డాను.) సోమవారానికి, కొట్టుకొక ప్రశ్నల కాగితం చొప్పున, ముప్పై కాగితాలూ నిండకపోతే ప్రాజెక్టు లేదు, ప్రాజెక్టు లేకపోతే డిగ్రీ లేదు.

ముందు మా ఎదురు కొట్టు బాబాయి దగ్గరికి వెళ్ళేను. చిన్నప్పట్నుంచీ నాకు బెల్లంముక్క పెట్టిన మనిషి. 'ఏ సరుకు మీద లాభం ఎక్కువ?' అన్న ప్రశ్న చదివి, కళ్ళద్దాలు తీసి, మెల్లిగా అడిగేడు. "మీ నాన్న కనుక్కోమన్నాడేటే?"

కాదని ఒట్టేసేను. ఒట్టేసేసరికి అనుమానం గట్టిపడింది. మధ్యాహ్నానికల్లా కబురు బజారంతా పాకింది. నన్ను చూడగానే ఒకాయన కాటా తుడుచుకునేవాడు, ఇంకొకాయన మోగని ఫోను ఎత్తి మాట్లాడేసేవాడు. పోనీ సొంత నాన్నే కదా అని అడిగితే, "నీకు సెప్తే కాలేజీకి సెప్పినట్టే కదేటి" అని అగరొత్తి వెలిగించుకున్నాడు. పుట్టి పెరిగిన వీధిలో, ఖాళీ కాగితాలు పట్టుకుని, పలకరించే దిక్కు లేక రెండు రోజులు తిరిగేను.

ఆదివారం పొద్దున్నే షేర్ ఆటో ఎక్కి రావికమతం పోయేను. అక్కడ నేనెవరో ఎవరికీ తెలీదు. మొదటి కొట్లో ముసలమ్మ, మా నాన్న ఏం చేస్తాడని అడిగింది. బడిపంతులని చెప్పేసేను. అంతే, స్టూలు జరిపి కూర్చోబెట్టి కాగితంలో లేనివి కూడా చెప్పింది. ఎదురుగా కొత్త కొట్టు వచ్చేక గిరాకీ పోయిందట. అయినా రోజూ తలుపు తీస్తోందట, ఇంట్లో గోడలతో ఎంతసేపని మాట్లాడుతుంది?

"ఈ ముక్క ఈ బజార్లో ఎవులికీ సెప్పలేదమ్మా. యాపారం సేసేవోళ్ళకి సెప్పుకోకూడదు," అంది.

నేను తల దించుకుని రాసుకున్నాను. పక్క కొట్లవాళ్ళకి కూడా పంతులుగారి గుంటనని ఆవిడే చెప్పింది. పొద్దు వాలేసరికి ముప్పై కాగితాలూ నిండిపోయేయి.

తిరుగు ఆటోలో, గెలిచేనని చెప్పుకుందామంటే మనిషి లేడు. నాన్నకి చెప్పాలంటే ఆయన్ని పంతుల్ని చేసిన సంగతీ చెప్పాలి. ఇంటికి రాగానే ఆయనే "అయిందేటి?" అన్నాడు. అయిందన్నాను. కాగితాలు సంచీలో పెట్టేసుకున్నాను.

మార్కులు బాగానే వచ్చేయి. ఆ ముసలమ్మకి నిజం చెప్పేద్దామని ఎన్నిసార్లు అనుకున్నానో. చెప్తే నేనూ కొట్టువాళ్ళ పిల్లనేనని ఆవిడ నోరు కట్టేసుకుంటుందని భయం. ఇప్పటికీ అటు వెళ్తే, ఆటోలోంచి ఆ కొట్టు తలుపు తీసుందో లేదో చూసుకుని, పంతులుగారి అమ్మాయిలా బుద్ధిగా నవ్వుకుంటాను. దిగను.