నడిపింది ఆదెయ్య కాదు

కొడవలూరుకు తూర్పున, సముద్రం ఒడ్డున ఉన్న పట్టపుపాలెంలో నాగులమ్మ గొంతు ఎరగనివాళ్ళు లేరు. మొగుడు చెంచయ్య వలలో పడ్డ నెత్తళ్ళూ కానాగంతలూ గంపకెత్తుకుని చుట్టుపక్కల పల్లెలన్నీ తిరిగి అమ్మేది. వీధి మొదట్లో ఆమె వేసిన కేక వీధి చివరి వంటింట్లో వినపడేది. ఆ రోజుల్లో చేపలకు డబ్బులిచ్చేవాళ్ళు తక్కువ. వడ్లు కొలిచి పోసేవాళ్ళే ఎక్కువ. పొద్దున చేపలతో పోయిన గంప మధ్యాహ్నానికి వడ్లతో తిరిగొచ్చేది. కొలతలో పిడికెడు తగ్గినా ఆమె గడప దిగేది కాదు. "మీ ఇంటికి ఉప్పునీళ్ళు అమ్మను రాలేదు, సరిగా పొయ్యి" అని ఎంత పెద్ద ఇంటి ఇల్లాలినైనా నిలదీసేది. జనం ఆమెకు కాస్త జంకేవాళ్ళు. ఆమె కోసం ఎదురుచూసేవాళ్ళు కూడా.

అరవైమూడో సంవత్సరం వేసవిలో ఒక మధ్యాహ్నం, వడ్ల గంప నెత్తిన పెట్టుకుని కాలువ వంతెన దాటి రోడ్డు వారగా మట్టిలో నడుస్తోంది. రైసుమిల్లు యజమాని కామాక్షయ్య కొడుకు విజయభాస్కర్, కొత్తగా కొన్న మోటారుసైకిలు మీద ఎదురుగా వచ్చాడు. వంతెన దగ్గర మలుపులో వేగం తగ్గించలేదు. బండి రోడ్డు దిగి నేరుగా ఆమె మీదికి వచ్చింది. కుడి తొడ విరిగిన చప్పుడు తనకే వినపడిందని ఆమె తర్వాత చెప్పేది. వడ్లు రోడ్డంతా చిమ్మాయి.

విజయభాస్కర్ లేచి ముందు బండి దీపం పగిలిందేమో చూసుకున్నాడు. తర్వాత ప్యాంటు దులుపుకున్నాడు. ఆ తర్వాతే ఆమె వైపు తిరిగాడు.

"కళ్ళు కనపడలా? రోడ్డు మీద ఎట్టా నడవాలో తెలీదా?" అన్నాడు.

నాగులమ్మ నేల మీద పడి, విరిగిన కాలు పట్టుకుని, తిట్లు లంకించుకుంది. ఆ తిట్లకు పొలాల్లోని కూలీలు పరిగెత్తుకొచ్చారు. వాళ్ళు వచ్చేసరికి బండి లేదు, అబ్బాయీ లేడు. కాసేపటికి మిల్లు నుంచి ఎడ్లబండి వచ్చింది.

ఆసుపత్రికి తీసుకుపోతారనుకుంది. వాళ్ళు మిల్లు వెనక గోనెసంచుల కొట్టంలో దించారు. పెద్దాసుపత్రికి పోతే పోలీసులకు తెలుస్తుంది. అది కామాక్షయ్యకు ఇష్టం లేదు. ఎముకలు కట్టే వైద్యుణ్ణి పిలిపించి వెదురుబద్దలు పెట్టి కట్టించాడు. "ఖర్చంతా నాదే, నువ్వు దిగులుపడొద్దు" అని గుమ్మంలో నిలబడి చెప్పి పోయాడు. రోజులు గడిచేకొద్దీ పాదం నీలంగా మారింది, జ్వరం తగ్గలేదు. చివరికి చెంచయ్య ఎవరి మాటా వినకుండా పెళ్ళాన్ని బస్సులో పడుకోబెట్టుకుని నెల్లూరు ఆసుపత్రికి చేర్చాడు.

"ఇన్నాళ్ళు ఏం చేస్తున్నారయ్యా? ఎముక వంకరగా అతుక్కుంటోంది. మళ్ళీ విరిచి కూర్చాలి" అన్నాడు డాక్టరు.

విరిచారు, కూర్చారు. ప్రాణం దక్కింది. కాలు పొట్టిదైంది.

ఆసుపత్రిలోనే ఒక పోలీసాయన మంచం పక్కన కూర్చుని ఆమె చెప్పింది రాసుకున్నాడు. "మిల్లు కామాక్షయ్య కొడుకు విజయభాస్కరు. మొహం చూసినా. ఎదురుగా వచ్చినాడు" అని ఆమె రెండుసార్లు చెప్పింది. కర్ర పట్టుకుని పాలెం చేరేనాటికి కేసు ముగిసిపోయిందని తెలిసింది. బండి నడిపింది మిల్లులో పాలేరు ఆదెయ్యట. తప్పు ఒప్పుకున్నాడట, జరిమానా కట్టాడట. దెబ్బ తిన్న మనిషి కంగారులో మొహం సరిగా చూసి ఉండదని రాసేశారట. సాక్ష్యానికి కూడా ఆమెను పిలవలేదు.

ఆ మాట విన్న రోజు నాగులమ్మ అన్నం ముట్టలేదు. మర్నాడు ఎడ్లబండి కట్టించుకుని ఆదెయ్య గుడిసెకు పోయింది.

"ఏమిరా ఆదెయ్యా, నన్ను గుద్దింది నువ్వా?"

ఆదెయ్య లేచి ఆమె కోసం మంచం వాల్చాడు.

"మోటారుసైకిలు మాట దేవుడెరుగు, మామూలు సైకిలు తొక్కడం వచ్చునా నీకు?"

"రాదక్కా."

"మరి ఏ నోటితో ఒప్పుకున్నావు?"

"నేనుండే గుడిసె వాళ్ళది. తినే గింజ వాళ్ళది. అయ్య పిలిచి 'నువ్వు పోయి ఒప్పుకో, జరిమానాతో పోతుంది' అన్నాడు. కాదంటే యాడికి పోయేదక్కా?"

"నీకు గుడిసె నిలబడింది. నా కాలు ఎవరు నిలబెడతారు?" అని ఆమె అరిచిన అరుపుకు ఆదెయ్య పెళ్ళాం లోపలినుంచి ఏడుస్తూ బయటికి వచ్చింది. నాగులమ్మ ఆమె వైపు కూడా చూడలేదు. జాలిపడే స్థితిలో లేదు.

గంప ఎత్తే మనిషి గంప ఎత్తలేకపోతే ఆ ఇంట్లో ఏమవుతుందో పాలెంలో అందరికీ తెలుసు. చెంచయ్య పట్టిన చేప ఇప్పుడు ఒడ్డునే షావుకారు చేతికి పోతోంది. అతను చెప్పిందే ధర. నాగులమ్మ కర్ర ఆనించుకుని ఆ బేరం చూస్తూ పళ్ళు కొరుక్కునేది. ఊరూరూ తిరిగి కొసరి అమ్ముకున్న చేప, కళ్ళముందే అడిగినంతకు పోతోంది.

ఆసుపత్రిలో ఆమెకు కట్లు కట్టిన నర్సు కరుణాకుమారి అప్పట్లో ఒక మాట చెప్పింది. తమ ప్రార్థన మందిరానికి వచ్చే సమాధానం గారని ఒక లాయరు ఉన్నారు, ఒకసారి కలవమని. నాగులమ్మ చెంచయ్యను వెంటబెట్టుకుని ఆయన దగ్గరికి పోయింది. ఆయన అంతా విని, మోటారు ప్రమాదాల్లో దెబ్బ తిన్నవాళ్ళ నష్టపరిహారం విచారించడానికి కొత్తగా ఒక ట్రిబ్యునల్ పెట్టారనీ, జిల్లా జడ్జి గారే దాన్ని చూస్తారనీ, పోలీసు కేసు ముగిసినా అక్కడికి పోవచ్చనీ చెప్పారు.

"పోతే, ఆ పిలకాయే గుద్దినాడని రాస్తారా అయ్యా?"

"అది పరిహారం సంగతి చూస్తుందమ్మా. శిక్ష సంగతి కాదు."

"శిక్ష నేను అడగలా. ఎవడు గుద్దినాడో అది రాయాల. వాడి పేరు రాయకుండా ఇచ్చేది నాకొద్దు."

సమాధానం గారు కలం తీశారు. విజయభాస్కర్ పేరుతోనే అర్జీ రాశారు.

కామాక్షయ్య తరఫున జవాబు వచ్చింది. బండి నడిపింది ఆదెయ్య, గంపతో ఆ ఆడమనిషే అడ్డం వచ్చింది, అబ్బాయి ఆ రోజు ఇంట్లోనే ఉన్నాడు. అంతవరకు వాళ్ళు అనుకున్నట్టే నడిచింది. కాని ఆ బండికి ఇన్సూరెన్సు ఉంది. ఆ కంపెనీ వాళ్ళు ఇంకో జవాబు వేశారు. ఆదెయ్యకు లైసెన్సు లేదు, లైసెన్సు లేనివాడు నడిపిన బండికి మాకు బాధ్యత లేదు అని.

సమాధానం గారు ఆ కాగితం చదివి పెద్దగా నవ్వారు. నాగులమ్మకు నవ్వు రాలేదు.

"కొడుకును తప్పించబోయి తండ్రి ఇరుక్కున్నాడమ్మా. కొడుక్కు లైసెన్సు ఉంది. పాలేరుకు లేదు. పాలేరే నడిపాడంటే కంపెనీ పైసా ఇవ్వదు. బండి ఇచ్చిన యజమానే సొంతంగా కట్టుకోవాలి."

వారం తిరక్కుండా కామాక్షయ్య పాలెం వచ్చాడు. ఇసుకలో కారు రాదు కనుక చెప్పులు చేత పట్టుకుని నడిచి వచ్చాడు. నాగులమ్మ గుడిసె ముందు చేపలు ఎండబోసి కాకుల్ని తోలుతోంది.

"నాగులమ్మా, మనసులో పెట్టుకోవద్దు. నిజం చెప్పేద్దామని వచ్చినాను. బండి నడిపింది మావాడే."

"ఆ సంగతి నాకు చెప్తా ఉండావా?"

"కోపగించుకోవద్దు. మావాడే వచ్చి కోర్టులో ఒప్పుకుంటాడు. కంపెనీవాళ్ళు నీకు చేరాల్సింది చేరుస్తారు. నువ్వు ఒక్కమాట సాయం చెయ్యి. గంప బరువుతో తూలి రోడ్డు మీదికి వచ్చినానని చెప్పు. లేకుంటే వాడి మీద మళ్ళీ కేసు తవ్వుతారు. చదువుకునే పిలకాయ."

చెంచయ్య ఆశగా పెళ్ళాం వైపు చూశాడు. "ఒప్పుకోరాదా మే. ఏదో ఒకటి చేతికొస్తుంది గదా" అన్నాడు.

"నువ్వు నోరు ముయ్యి!" అని నాగులమ్మ కర్ర ఊతంతో లేచి నిలబడింది. పాలెం అంతా వచ్చి చుట్టూ చేరింది. "గోనెసంచుల కొట్టంలో నా కాలు కుళ్ళిపోతా ఉంటే ఏమైంది నీ నిజం? పోలీసాయన ముందర నన్ను కళ్ళులేనిదాన్ని చేసినప్పుడు ఏమైంది? ఆరోజు నిజం నీకు నష్టం, దాచినావు. ఈరోజు నిజం నీకు లాభం, చెప్పులు చేతపట్టుకొని వచ్చినావు. దానికి మళ్ళీ నా అబద్ధం ఒకటి కావాల! నేను వారగా నడస్తా ఉండా. నీ కొడుకు వచ్చి గుద్దినాడు. ఆసుపత్రిలో అదే చెప్పినా, జడ్జి ముందరా అదే చెప్తా. దానివల్ల నువ్వు బాగుపడతావో చెడిపోతావో నాకెందుకు?"

కామాక్షయ్య మొహం నల్లబడింది. "కోర్టు చుట్టూ తిరిగి తిరిగి చస్తావు" అన్నాడు.

"తిరగను కాలేది? పాక్కుంటా పోతా. పో!"

విచారణ రోజు కోర్టు హాలు నిండా జనం. కంపెనీ లాయరు బోనులో ఉన్న ఆమెను, నెత్తిన అంత గంప ఉంటే పక్కలకు చూడలేవు కదా అని అడిగాడు. "ఎదురుగా వచ్చేవాణ్ణి చూడను పక్కలకెందుకు తిరగాల?" అంది. ఏడాదికి ఎంత సంపాదిస్తావు, రుజువేదీ అని అడిగాడు. వడ్లకు రుజువు అడిగిన మనిషిని ఆమె అంతవరకు చూడలేదు. "నువ్వు తినే అన్నానికి రుజువు ఉందా?" అని గట్టిగా అనేసింది. జడ్జి గారు మందలించారు. సమాధానం గారు తల పట్టుకున్నారు.

తర్వాత విజయభాస్కర్ బోనెక్కాడు. ఇస్త్రీ చొక్కా, నూనె రాసి దువ్విన జుట్టు. బండి నడిపింది తనేనని ఒప్పుకున్నాడు. మరి పోలీసుల ముందు ఆదెయ్య ఎందుకు ఒప్పుకున్నాడని అడిగారు.

"మా ఇంటి మీద అభిమానంతో వాడే పోయి అట్లా చెప్పాడండి. మాకు తెలియదు. తెలిసుంటే ఒప్పుకోనిచ్చేవాళ్ళం కాదు."

నాగులమ్మ ఉన్నచోటే లేచి నిలబడింది. "థూ! వాణ్ణి కూడా తింటావా?" అని అరిచింది. ఇంకొకసారి నోరెత్తితే బయటికి పంపిస్తానని జడ్జి గారు కోపంగా చెప్పారు. ఆమె కూర్చుంది.

ఆదెయ్య వరండాలోనే ఉన్నాడు. సాక్షిగా సమాధానం గారే రప్పించారు. అబ్బాయి చెప్పిన మాట కిటికీలోంచి వినే ఉంటాడు. పిలవగానే వచ్చి బోనెక్కాడు.

"పోలీసుల దగ్గరికి నీ అంతట నువ్వే పోయావా?" అని అడిగారు సమాధానం గారు.

ఆదెయ్య కామాక్షయ్య వైపు చూశాడు. కామాక్షయ్య కళ్ళెర్రజేశాడు. అన్నాళ్ళూ ఆ కళ్ళకు వంగిన మనిషి, ఆ రోజు వంగలేదు.

"లేదయ్యా. పెద్దయ్య పంపిస్తే పోయినా. గుమాస్తా నా వెంట వచ్చి జరిమానా ఆయనే కట్టినాడు. నాకు సైకిలు కూడా రాదు. ఈళ్ళు చెప్పమన్నారని దొంగనైనా. ఇప్పుడు నేనే అబద్ధం ఆడినానంట! నేను చేసిన తప్పు నాదే. చేయించింది మాత్రం ఈళ్ళు" అని వేలు పెట్టి చూపించాడు.

తీర్పు వచ్చేసరికి మరుసటి ఏటి వానాకాలం దాటింది. బండి నడిపింది విజయభాస్కర్, తప్పు పూర్తిగా అతనిది, రోడ్డు వారగా నడుస్తున్న నాగులమ్మది ఏ తప్పూ లేదు, పరిహారం కంపెనీ కట్టాలి అని జడ్జి గారు రాశారు. దొంగ ఒప్పుకోలు సంగతి వేరే కోర్టు చూసుకోవలసిన విషయమన్నారు. ఏ కోర్టూ చూడలేదు. ఎవరూ కామాక్షయ్యను ఒక్క ప్రశ్న అడగలేదు. కంపెనీ హైకోర్టుకు పోయి ఇంకో రెండేళ్ళు లాగి, ఓడిపోయి, అప్పుడు కట్టింది.

సమాధానం గారు ఇంగ్లీషు తీర్పును తెలుగులో చదివి వినిపిస్తుంటే నాగులమ్మ తప్పు ఎవరిదో చెప్పే చోట ఆపించి మళ్ళీ చదివించుకుంది. ఆ తర్వాతి పేజీల్లో ఏముందో ఆమె పెద్దగా వినలేదు.

చేతికొచ్చిన దానితో చెంచయ్యకు కొత్త పడవలో వాటా దొరికింది. ఆమె నెల్లూరు మార్కెట్టులో ఎండుచేపల దుకాణం పెట్టుకుంది. కూర్చుని చేసే వ్యాపారం ఆమెకు నచ్చలేదు. తిరిగే మనిషిని తీసుకొచ్చి కూలేశారని విసుక్కుంటూనే అమ్మేది.

ఆదెయ్య కోర్టులో సాక్ష్యం చెప్పి తిరిగొచ్చేసరికే అతని సామాను గుడిసె బయట పడి ఉంది. పెళ్ళాం పిల్లలతో మనుబోలు పోయి అక్కడ కూలికి కుదిరాడు. అప్పుడప్పుడు నెల్లూరు వచ్చినప్పుడు దుకాణం ముందు నిలబడేవాడు. నాగులమ్మ పొట్లం కట్టి ఇచ్చేది, డబ్బు తీసుకునేది కాదు. అట్లాగని కూర్చోమనేది కూడా కాదు. అతన్ని క్షమించావా అని కరుణాకుమారి ఒకసారి అడిగితే, "నోరు తెరిచినాడమ్మా. ముందే తెరిచుంటే ఇంత దూరం వచ్చేది కాదు" అంది.

అరవైఎనిమిదిలో విజయభాస్కర్ పెళ్ళయింది. ఊరివాళ్ళందరికీ పంచినట్టే నాగులమ్మకూ ఒక చీర పంపించారు. గుమాస్తా దుకాణానికి తెచ్చి, ఎండుచేపల వాసన తగలకుండా దూరంగా పట్టుకుని నిలబడ్డాడు.

"తీసుకోమ్మా, శుభమా అని పెళ్ళి. పాతవి మరిచిపో."

నాగులమ్మ చీర ముట్టుకోలేదు. పొట్టి కాలు ముందుకు చాపి కూర్చుంది.

"చీరెందుకయ్యా? ఆ పిలకాయను రమ్మను. నా ఎదురుగా నిలబడి, నిన్ను గుద్దింది నేనే అని ఒక్కసారి నాతో చెప్పమను. కోర్టులో జడ్జితో చెప్పినాడు. నాతో చెప్పలేదు."

గుమాస్తా చీర మడిచి చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. విజయభాస్కర్ రాలేదు. నాగులమ్మ బేరానికి వచ్చిన మనిషి వైపు తిరిగి, నెత్తళ్ళు తూకం వేయడం మొదలుపెట్టింది.