ఎగువ తాడు అందుకున్న చేయి

మన పాత రేవుల్లో పడవలు దేవుడి మీద భారం వేసి నడిచేవనీ, ఒడ్డు చేరితే చేరినట్టనీ కిందటి నెల ఒక పత్రికలో ఎవరో రాయగా చదివి, రెండు రోజులు నాకు అన్నం సహించలేదు. గోదావరికి అటు చెన్నూరు వైపు నుంచి ఇటు మంథని వైపుకు మనుషులనూ బండ్లనూ దాటించిన బల్లకట్టుకు ఆరేళ్లు గుమాస్తాగా ఉండి, ప్రతి దాటింపునూ రిజిస్టరులో రాసినవాణ్ణి. నా సొంత నోటుబుక్కులు ఇప్పటికీ ట్రంకుపెట్టెలో భద్రంగా ఉన్నాయి. రెండు పడవలను పలకలతో జతచేసిన ఆ బల్లకట్టును ఒడ్డుకు చేర్చడానికి ఒక క్రమం ఉండేది. ముక్కును ప్రవాహానికి ఎదురు తిప్పి, వెదురు గడలతో వేగం తగ్గించి, మొదట ఎగువ తాడు, పిమ్మట దిగువ తాడు ఒడ్డున ఉన్న మనిషికి విసరాలి; రెండూ గుంజలకు బిగిసేదాకా ఎవరూ లేవరాదు. ఎగువ తాడు తప్పితే దిగువన బండలున్నాయి. తాళ్లు ఎవరు కట్టారో రాయడానికి రిజిస్టరులో ఒక గడి కూడా ఉండేది.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి ఏడు కార్తీకంలో, నీళ్లింకా నిండుగా ఉన్న ఒక ఉదయం, రెండు రోజులుగా నొప్పులు పడుతున్నా కాన్పు కాని మా అక్కను కరీంనగర్ దవాఖానాకు తీసుకుపోవడానికి బల్లకట్టు ఎక్కించాను. నడిమికి వచ్చేసరికి మంచు కమ్మి రెండు ఒడ్లూ మాయమయ్యాయి. నేను గడియారం చూసి వేళ రాసుకుంటుండగా అక్క, అంత బాధలోనూ, “తమ్మీ, నేనెన్నిసార్లు మూల్గిన్నో గది గూడ రాసినవా?” అని ఎత్తిపొడిచింది.

బల్లకట్టు నడిపే ముసలాయన, నాకు ఊరి వరుసన మామ, ఒడ్డుకు కేక వేశాడు. ఆ ఒడ్డున తాడు అందుకునే పని అంతకుముందు ఆయన తమ్ముడిదే. ఆ వానాకాలమే వరదలో కొట్టుకుపోయాడు, శవం దొరకలేదు. అతని స్థానంలో పెట్టిన కొత్త మనిషి మూడో కేకకూ పలకలేదు. దిగువన బండల మీద నీటి హోరు దగ్గరవుతోంది. అక్క నా చేతిని వదలడం లేదు.

“ఎవ్వలు లేవకుండ్రి,” అని మామ, ఏమీ కనబడని ఆ తెలుపులోకి తాడు విసిరాడు.

అది నీళ్లలో పడిన చప్పుడు కాలేదు. కాసేపు వదులుగా ఊగి, అవతల ఎవరో తొందర లేకుండా లాగినట్టు బిగిసింది. రెండో తాడూ అంతే. మేము దిగేసరికి ఒడ్డున ఎవరూ లేరు. తడి ఇసుకలో అడుగు జాడ కూడా లేదు. మామ గుంజ దగ్గర కూర్చుని ముడిని చాలాసేపు తడిమాడు.

“ఎడమచేతి ముడి. మా తమ్ముడే గిట్ల ఏస్తుండె,” అన్నాడు, వాన సంగతి చెప్పినంత మామూలుగా. “నువ్వు పో. బిడ్డ పానం చూడు.”

ఆ సాయంత్రం దవాఖానాలో అక్కకు కొడుకు పుట్టాడు, ఇద్దరూ బతికారు. కొత్త మనిషి ఆ పొద్దున జ్వరంతో ఇంట్లో పడి ఉన్నాడని తరువాత విచారిస్తే తెలిసింది. అందుచేత ఆ గడిని నేను ఖాళీగా వదిలాను. తనిఖీకి వచ్చిన అధికారి, “పేరు లేకుంటె ఎట్లనయ్యా, పడవ దానంతటదే కట్టుకున్నదా?” అని, తన చేత్తోనే కొత్త మనిషి పేరు రాశాడు. నేను అభ్యంతరం రాసి ఇచ్చాను. జవాబు రాలేదు. ఆ కోపం నాలో ఇప్పటికీ చల్లారలేదు.

ఇప్పుడు ఆ బల్లకట్టు లేదు, మామ లేడు, అక్కా లేదు. జనం బస్సుల్లో వంతెనల మీదుగా చుట్టుతిరిగి పోతున్నారు, నదిని చూడకుండానే. అది మేలే, కాదనను. కానీ కార్తీకంలో మంచు దిగిన ఉదయాల్లో నాకొక ఆలోచన వస్తుంది. ఇక తాడు విసిరేవారెవరూ రారని, ఆ ఒడ్డున నిలబడ్డవాడికి ఎవరైనా చెప్పారో లేదో.