మా అప్ప చదివిన ఆఖరి కోడు

దెయ్యాల కబుర్లు చెప్పేవాళ్లంటే నాకు మొదటినుంచీ చిరాకు. మాది శ్రీకాకుళం దగ్గర సముద్రం ఒడ్డు ఊరు. వేటకెళ్లి తిరిగిరానివాళ్లు ఒడ్డున నిలబడి పేరుపెట్టి పిలుస్తారని మా ఊళ్లో పెద్దా చిన్నా అందరూ అంటారు. నేను చిన్నప్పటినుంచీ ఆ ఇసుకలోనే తిరిగాను, ఉక్కపోస్తే అక్కడే పడుకున్నాను. నన్నెవరూ పిలవలేదు. ఇప్పుడు కూడా దెయ్యాన్ని చూశానని చెప్పడం లేదు. జరిగింది జరిగినట్టు చెబుతాను, మీకేం తోస్తే అది అనుకోండి.

నేను గల్ఫ్‌లో ఒక షిప్‌యార్డులో వెల్డర్‌ని. మా వైపు కుర్రాళ్లు వెల్డింగు నేర్చుకుని పైదేశాలకు వెళ్లడం మామూలే. వెళ్లే ప్రతివాడికీ అంతకుముందు వెళ్లొచ్చినవాడు ఒక మాట చెబుతాడు. ఇండియా సిమ్ము మాత్రం పట్టుకెళ్లకురా, రోమింగు పడిందంటే ఫోను ఎత్తినా డబ్బులే, మెసేజ్ వచ్చినా డబ్బులే అని. అది నిజమో కాదో ఎవడూ కనుక్కోడు. సిమ్ము ఇంట్లో ఎవరో ఒకరికి ఇచ్చేసి విమానం ఎక్కేస్తాం. బ్యాంకు కోడు, అదే ఓటీపీ, వస్తే వాళ్లు చూసి వాట్సాప్‌లో చెబుతారు. పైసా ఖర్చు ఉండదని మా తెలివికి మేమే మురిసిపోతాం.

నేను నా సిమ్ము మా అప్పకిచ్చాను. మా వైపు అక్కని అప్ప అంటాం. మా అప్ప పేరు నూకాలమ్మ. ఉదయాన్నే ఒడ్డుకెళ్లి తెప్పల దగ్గర చేపలు ఎత్తుకుని, తట్టతో ఆటో ఎక్కి ఎచ్చెర్ల వైపు ఊళ్లలో అమ్ముకొస్తుంది. ఆవిడ ఫోనులో రెండో సిమ్ముగా నాది వేశాను.

అప్పకి ఇంగ్లీషు అక్షరం ఒక్కటి రాదు. అంకెలు మాత్రం గడగడా చదివేస్తుంది. ఫోను టింగుమంటే చాలు, ఎక్కడున్నా సరే తట్ట దించి, వాయిస్ మెసేజ్ పెట్టేది. ఏది బ్యాంకు కోడో, ఏది కంపెనీవాళ్ల అడ్వర్టైజ్‌మెంటో ఆవిడకి తెలియదు. అంకెలు కనబడితే చదివేయడమే. ఒకసారి రీచార్జి ఆఫర్లన్నీ వరసగా చదివి పంపింది.

"అదేటప్పా, అవి నాకెందుకు?" అని విసుక్కున్నాను.

"నాకేటి తెలుస్తాది? అంకెలున్నాయి, సదివీసాను. నీకొద్దంటే పారీయ్" అంది.

ఇంకో సంగతి చెప్పాలి. మా దగ్గర చేపలు లెక్కపెట్టేటప్పుడు ఒకటి అనరు. లాభం అంటారు. లాభం, రెండు, మూడు అని సాగుతుంది లెక్క. బేరం మంచిమాటతో మొదలవ్వాలని అలవాటు. అప్పకి ఆ అలవాటు ఎంత ముదిరిందంటే బ్యాంకు కోడులో ఒకటి ఎక్కడొచ్చినా, మధ్యలో వచ్చినా చివర్లో వచ్చినా, లాభం అనే చదివేది. నా రూములో చీపురుపల్లి వాడు రమణ ఉండేవాడు. వాడికి ఇది పెద్ద వేడుక. అప్ప వాయిస్ వస్తే పనిమానుకుని వచ్చి కూర్చునేవాడు. "మీ అప్ప బ్యాంకుని కూడా బేరానికి ఎట్టీసిందిరా" అనేవాడు.

అంకెలు అయిపోయినా అప్ప ఆగేది కాదు. అక్కడినుంచి ఊరి కబుర్లు. ఎవరింట పెళ్లి కుదిరింది, మా బావ వల ఎక్కడ చిరిగింది, ఇవాళ వలలో కానాగంత చేపలు పడ్డాయా లేదా. కోడుకేమో గడువు తక్కువ. అందుకని నేను అంకెలు విని, అక్కడితో ఆపి, కోడు కొట్టేసేవాణ్ణి. మిగతాది రాత్రి మెస్సులో కంచం ముందు పెట్టుకుని తీరిగ్గా వినేవాణ్ణి. అన్నం చప్పగా ఉన్నా ఆ కబుర్లతో దిగిపోయేది. ఒక్క మెసేజ్ కూడా సగంలో వదిలేసింది లేదు, అదొక్కటి తప్ప.

ఆ రోజు మధ్యాహ్నం అన్నాల వేళ బావ ఫోను చేశాడు.

"మీ అప్పకి బాగోలేదు. హాస్పటల్లో ఉన్నాది. నువ్వు బేగి వచ్చీ."

"ఏటయింది? మాటాడతన్నాదా?"

"ఆఁ... నువ్వు బేగి వచ్చీరా బావా" అని పెట్టేశాడు.

అన్నం వదిలేసి లేచాను. ఫోర్‌మన్ మంచివాడు, వెంటనే వెళ్లమన్నాడు. రూముకొచ్చి ఫోనులో టికెట్టు తీస్తున్నాను, రమణ పక్కనే ఉన్నాడు. కార్డు నంబరు కొట్టి నొక్కేశాక అప్పుడు గుర్తొచ్చింది. కోడు వెళ్లేది ఇండియా సిమ్ముకి. సిమ్ము ఉన్నది అప్ప దగ్గర. అప్పేమో హాస్పటల్లో. నెత్తి కొట్టుకున్నాను. తెర మీద గడువు తరిగిపోతోంది.

బావకి ఫోను కలుపుదామని చూస్తుండగానే అప్ప దగ్గరనుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది.

"ఒరే సిన్నోడా, రాసుకో. నాలుగు, లాభం, సున్నా, తొమ్మిది, లాభం, రెండు."

గొంతు ఎప్పటిలాగే ఉంది. నీరసం లేదు, ఆయాసం లేదు. వెనకాల బేరాల గోల లేదు గానీ గాలి హోరు వినబడింది. రమణ నా వీపు మీద ఒకటి చరిచాడు.

"మీ అప్పకి ఏటీ అవ్వలేదురా! సూడు, హాస్పటల్లో కూడా లాభమే అంటన్నాది!"

నిజంగానే నవ్వొచ్చింది నాకు. ప్రాణం లేచొచ్చింది. అలవాటు ప్రకారం అక్కడితో ఆపి కోడు కొట్టాను. టికెట్టు వచ్చేసింది. మెసేజ్ ఇంకా సగానికి పైగా మిగిలే ఉంది, తెర మీద అది ఆగిన గీత నాకు బాగా గుర్తు. బట్టలు సర్దుకోవాలి, కాగితాల మీద సంతకాలు పెట్టించుకోవాలి, విమానాశ్రయానికి పరిగెత్తాలి. విమానంలో కూర్చుని తీరిగ్గా విందాం, దారిపొడుగునా అప్ప కబుర్లే అనుకున్నాను.

సీట్లో కూర్చుని ఫోను తెరిస్తే ఆ మెసేజ్ లేదు. చివరగా ఉన్నది అంతకుముందు రోజుది. పైకీ కిందికీ ఎన్నిసార్లు తిప్పానో. నెట్టు సరిగ్గా లేదేమో, దిగాక కనబడుతుందిలే అని సరిపెట్టుకున్నాను.

విశాఖలో దిగి కారులో ఊరొచ్చాను. వీధి మొదట్లో నన్ను చూసిన ఆడవాళ్లు ఒక్కసారిగా ఘొల్లుమన్నారు. అప్పుడు అర్థమైంది. మా వాళ్ల పద్ధతి నాకు తెలియనిది కాదు. పైదేశంలో ఉన్నవాడికి పోయారని ఫోనులో చెప్పరు, బాగోలేదు రమ్మంటారు. తెలిసి కూడా నాకు తట్టలేదు, ఆ గొంతు విన్నాను కాబట్టి.

అప్పని ఐసు పెట్టెలో ఉంచారు. నేను బావ మీద అరిచాను. నిన్న మధ్యాహ్నం నాతో మాట్లాడింది, కోడు చదివింది, మీరే ఏదో చేశారని నోటికొచ్చినట్టు అన్నాను. దుఃఖంలో ఉన్నాడని అందరూ ఊరుకున్నారు.

జరిగింది ఇది. ఆ ఉదయం అప్ప మోకాలిలోతు నీళ్లలో తెప్ప దగ్గర చేపలు అందుకుంటూ అలాగే కూలబడిపోయింది. ఎత్తేసరికే ఊపిరి లేదు. హాస్పటల్‌కి తీసుకెళ్లడం మనసొప్పక చేసిన పనే. బావ నాకు ఫోను చేసేసరికే అన్నీ తేలిపోయాయి. అప్ప ఫోను బొడ్లో దోపుకున్న సంచిలో ఉండి ఉప్పునీళ్లలో మునిగింది. బావ దాన్ని ఇంటికి తెచ్చి బియ్యంలో పెట్టాడు. మర్నాడు నేను వెళ్లి చూస్తే ఇంకా బియ్యం డబ్బాలోనే ఉంది.

ఆ మిగిలిన సగం అప్ప ఫోనులోనైనా ఉంటుందని జంక్షన్‌లో సెల్లు షాపుకి పట్టుకెళ్లాను. లోపలంతా ఉప్పు పేరుకుపోయింది, ఇది లేవదన్నాడు షాపతను. నా సిమ్ము మాత్రం తీసి వేరే ఫోనులో వేశాడు. వేయగానే ఆగిపోయి ఉన్న మెసేజ్‌లు టింగు టింగుమని దిగాయి. వాటిలో బ్యాంకు కోడు ఉంది. నాలుగు, ఒకటి, సున్నా, తొమ్మిది, ఒకటి, రెండు.

"ఇది ఇంతకుముందే ఒకసారి వచ్చి ఉంటాదా?" అని అడిగాను.

"ఫోను సచ్చిపోయి ఉంటే ఎలా వస్తాదండి? ఇప్పుడే దిగింది" అన్నాడు.

అంటే ఆ కోడు అప్పటిదాకా భూమ్మీద ఏ ఫోనుకీ రాలేదు. నాకు ఈమెయిల్‌లో వచ్చే ఏర్పాటూ లేదు. కానీ టికెట్టు నా జేబులో ఉంది. రమణకి ఫోను చేశాను. "విన్నానురా, ఒట్టు. రెండుసార్లు లాభం అన్నాది" అన్నాడు. తర్వాత ఏమందో విన్నావా అంటే, "నువ్వు ఆపీసావు కదరా" అన్నాడు పాపం.

మళ్లీ గల్ఫ్‌కి వచ్చాక తెలిసిన సంగతి ఇంకోటుంది. ఆఫీసులో కేరళ అతను చెప్పాడు. రోమింగు సర్వీసు పెట్టించుకుని డేటా ఆపుకుంటే నా సిమ్ముకి మెసేజ్ వచ్చినందుకు పైసా పడదట. ఎప్పుడూ పడలేదట. ఇప్పుడు సిమ్ము నా దగ్గరే ఉంది. కోడు నేరుగా నా ఫోనుకే వస్తుంది. ఒకటిని ఒకటి అనే చదువుకుంటాను. కొట్టాక వినడానికి ఇంకేమీ ఉండదు.

ఇదంతా ఎలా జరిగిందో నాకు తెలియదు. ఎవరైనా తెలిసినవాళ్లు చెబితే వింటాను. నా బాధ అది కాదు. తొందరపడి మెసేజ్ సగంలో ఆపేసి కోడు కొట్టాను. గడువు దాటిపోతే ఇంకో కోడు వచ్చేది.

బావకి మాత్రం అంతా చెప్పాను. నమ్మాడో లేదో తెలియదు, వల చిక్కు తీసుకుంటూ కూర్చున్నాడు. అప్ప పడిపోయినప్పుడు ఆయన నడి సముద్రంలో ఉన్నాడు. ఇప్పటికీ ఎప్పుడు ఫోను చేసినా, క్షేమం అడిగాక ఒకే మాట అడుగుతాడు.

"ఒరే బావా, అంకెల తరవాత ఏటి సెప్పిందో నీకేటైనా గుర్తొచ్చిందేటి?"