ఆది జాకెట్టు

పోయిన వారం పంజాగుట్టలో కళ్ల డాక్టరు దగ్గర ఒక పరీక్ష చేయించుకున్నాను. తెల్లటి గిన్నెలాంటి యంత్రంలో గడ్డం ఆనించి, ఒక కన్ను మూసుకుని కూర్చోవాలి. ఎక్కడో చుక్కంత వెలుగు వస్తుంది. కనిపించినప్పుడల్లా చేతిలోని బటన్ నొక్కాలి. చిన్నప్పటి నుంచీ పరీక్షలంటే నాకు పంతం, ఒక్క చుక్క కూడా వదలకూడదని నొక్కుతూనే ఉన్నాను. అయిపోయాక ఆ పరీక్ష చేసిన అమ్మాయి కాగితం చూసి దాన్ని నా వైపు తిప్పింది. తర్వాత మెల్లగా, "మేడమ్, లైట్ రానప్పుడు సుత నొక్కిండ్రు మీరు. మస్తు సార్లు" అంది. నేను అబద్ధమాడలేదు, నాకు కనిపించింది, నొక్కాను. ఆ మాటే అనబోయి ఆగిపోయాను. సరిగ్గా ఆ మాటే పదిహేనేళ్ల కింద మా మేనత్త నాతో అంది.

మా నాన్నకు అక్క ఆమె. మాది మగ్గాల ఊరు. పెళ్లయి అమీర్‌పేట వచ్చాక అత్త మగ్గం వదిలి కుట్టుమిషన్ పట్టింది. హాస్టళ్ల వెనక సందులో ఇల్లు, ముందు గదే దుకాణం. గోడల నిండా కోర్సుల బోర్డులు, పక్క మేడ మీద ఎవరిదో పాఠం చెప్పే మైకు గొంతు, వాటి మధ్య అత్త జాకెట్లు కుట్టేది. టేపు పట్టి ఒళ్లు కొలవడం ఆమెకు సరిపడదు. సరిగ్గా పట్టే పాత జాకెట్టు ఒకటి కొలతకు తెమ్మనేది. ఆది జాకెట్టు అంటాం దాన్ని. అది లేకుండా వస్తే ఎంతటివాళ్లనైనా గుమ్మంలోంచే తిప్పి పంపేది. ఒకసారి మా అమ్మను కూడా పంపింది. ఆడబిడ్డ కదా, అలాంటి అవకాశం వదులుకుంటుందా.

అత్త కళ్లకు నీటికాసులు వచ్చాయి. చూపును పక్కల నుంచి కొరుక్కుంటూ వచ్చే జబ్బు. డాక్టరు ఇచ్చిన చుక్కల మందు ఆమె ఏనాడూ సరిగ్గా వేసుకోలేదు, నొప్పే లేనిది రోగమెట్లయితదని వాదించేది. చివరికి మనుషులు ఆమెకు నీడలుగా మిగిలారు. అయినా కుట్టడం మానలేదు. కత్తిరింపులు కోడలికి అప్పగించి, హుక్కులూ చేతికుట్లూ వేళ్లతో తడుముకుంటూ చేసేది. ఆ గది పోతే తనకు మిగిలేది మంచమేనని ఆమెకు తెలుసు. మాకూ తెలుసు.

నేను అప్పుడు ఎస్.ఆర్. నగర్ హాస్టల్లో ఉంటూ ఉద్యోగం చేసేదాన్ని. శనివారం మధ్యాహ్నం భోజనం అత్త ఇంట్లోనే. ఒక శనివారం గుమ్మంలో చెప్పులు విడుస్తుంటే లోపలి నుంచి ఆమె మాట వినిపించింది. "జర కూసో బిడ్డా. ఎడమ చెయ్యి కుట్టు వంకర వోయింది, ఎవలు కుట్టిండ్రు గిది?"

లోపలికి వెళ్లాను. ఎదురుగా పీట ఖాళీ. ఫ్యాను గాలికి గుడ్డ పీలికలు కదులుతున్నాయి. ఎవరితో మాట్లాడుతున్నావని అడిగితే పీట వైపు గడ్డం చూపించింది. చిలకపచ్చ చీరట, ముదురెరుపు జాకెట్టట. అక్కడెవరూ లేరత్తా అన్నాను. ఆమె చేతిలో సూది ఆగిపోయింది.

"నేను అబద్ధమాడ్తలేను. నాకు కనవడ్డది."

తర్వాత నా చెయ్యి పట్టుకుని చెప్పింది. నెల రోజులుగా ఇలాంటివాళ్లు వస్తున్నారట. నోరు విప్పరట, కూర్చుని ఆమెనే చూస్తుంటారట. "నిజం మనుషులు నాకు పొగ లెక్క కొడ్తుండ్రు. గీళ్లు మాత్రం పోగు పోగు కనవడ్తరు. గందుకే గీళ్లే నిజమనుకున్న" అంది. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది. సాయంత్రానికల్లా నేను బావకు, అంటే ఆమె కొడుక్కి, చెప్పేశాను. మంచి పని చేస్తున్నాననే అనుకున్నాను.

మర్నాడే బావ ముందు గదికి తాళం వేశాడు. గాలి సోకిందని కోడలు తాయెత్తు తెచ్చి కట్టింది, గుమ్మంలో నిమ్మకాయలు కోసింది. ఇక సందంతా తెలియడానికి ఎంతసేపు, ఇద్దరు ముగ్గురు తమ గుడ్డలు తిరిగి పట్టుకుపోయారు. అత్త గోడవైపు తిరిగి పడుకుంది. అదంతా నా నోటి పుణ్యం. సిగ్గేసి, సెలవు పెట్టి, నేనే ఆమెను కళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన నవ్వలేదు, ఆశ్చర్యపోనూ లేదు. చూపు పోయిన చోటును మెదడు ఖాళీగా ఉంచలేక తనే బొమ్మలు వేసుకుంటుందట. ఇది పిచ్చి కాదు, చాలామందికి వస్తుంది, భయపడి చెప్పుకోరంతే అన్నాడు. పోయిన చూపు మాత్రం ఇక రాదన్నాడు. చూపు రాదన్నందుకు అత్త ఊరికే తలాడించింది. పిచ్చి కాదన్నందుకు ఏడ్చింది.

ఇంటికి రాగానే తాళం తీయమంది. లేనివాళ్లతో మాట్లాడుతుంటే ఉన్నవాళ్లు ఎవరొస్తారని బావ నసిగాడు. అత్త కుడిచెయ్యి ముందుకు చాపింది.

"వచ్చినోళ్లను గిండ్ల ఆది జాకెట్టు పెట్టమంట. పెడితే మనిషి. పెట్టకుంటే ఊకె వచ్చినట్టు. కూసోని పోనీ, నాకేం ఫికర్."

ఆ రోజు నుంచి గుమ్మంలో ఏ నీడ పడినా చెయ్యి చాపేది. బట్ట తగిలితే పలకరించేది, తగలకపోతే తన పనిలో తను ఉండేది. తాయెత్తు కత్తిరించి హుక్కుల డబ్బాలో పడేసింది. నేను వెళ్లినా ముందు చెయ్యే చాపేది. ఒట్టు తప్పినందుకు శిక్షేమో, కిక్కురుమనకుండా అందులో ఒక జామకాయో చేతిరుమాలో పెట్టేదాన్ని. అలా ఇంకో ఆరేళ్లు కుట్టింది. ఆ ఆరేళ్లలో ఆ పీట మీద నేను ఒక్కసారి కూడా కూర్చోలేదు.

పోయిన వారం నాకూ అదే జబ్బన్నారు. ఒక కన్ను దాదాపు పోయింది, రెండోది దాని వెనకే బయల్దేరిందట. ఉన్నదాన్ని కాపాడుకోవడానికి బతికినన్నాళ్లూ చుక్కలు వేసుకోవాలి. వేసుకుంటాను, అత్తలా వాదించను. కాగితాలు పట్టుకుని అమీర్‌పేట మెట్రో స్టేషన్‌లో బండి మారడానికి బెంచీ మీద కూర్చున్నాను. పరీక్షకని డాక్టరు వేసిన చుక్కలకు కళ్లు మసకబారి, జనం మరకల్లా పోతున్నారు. బండి మీది అక్షరాలు కూడా చదవలేకపోయాను. బెంచీ రెండో కొసన మాత్రం చిలకపచ్చ చీరలో ఒకామె. ముదురెరుపు జాకెట్టు, ఎడమ చేతి కుట్టు వంకర. ఒక్కో పోగూ కనిపించింది.

అత్త చెప్పిందే నా తలలో మిగిలి బొమ్మయిందని డాక్టరు అంటాడు, నాకు తెలుసు. అయినా చాలా భయపడ్డాను. కాసేపటికి అత్తలాగే చెయ్యి చాపాను. అరచేతిలో ఏమీ పడలేదు. బ్యాగు ఒళ్లోకి తీసుకుని, ఆమెకు సరిపడా చోటిచ్చి కూర్చున్నాను. అత్త పోయి తొమ్మిదేళ్లు. ఆ శనివారం నేను లేదన్న మనిషి, నా వంతు వచ్చేదాకా ఇన్నేళ్లూ ఎక్కడో కూర్చునే ఉందన్నమాట.