ఎండిన బోరులో నిట్టూర్పు

ఏడో తరగతి మూడేళ్లు చదివాను. అంత శ్రద్ధగా చదివినవాడు కంబదూరు చుట్టుపక్కల ఇంకొకడు లేడు. ఆ చదువుతో అబ్బిన జ్ఞానం ఒకటే, దయ్యాలు లేవని. శ్మశానం గోడమీద కూర్చుని మిరపకాయ బజ్జీలు తిన్నవాణ్ణి నేను.

మా చీనీ తోటకు, అదే బత్తాయి తోటకు, తూర్పున ఒక బోరు, పడమర ఒక బోరు. రెండూ ఎండిపోయాయి. నాయన రోజూ పొద్దున్నే తూర్పు బోరులో రాయి వేసి గొట్టానికి చెవి పెట్టేవాడు. నీళ్ల చప్పుడు రాదు. గొంతులో గరగరతో "ఉస్" అని నిట్టూర్చి లేచేవాడు. నేను దాన్ని అనుకరించి అమ్మను నవ్వించేవాణ్ణి.

నాయన పోయాక, ఇంక చెట్లు కొట్టించేద్దామంది అమ్మ. ఆ వారమే చెల్లెలు సరోజ వచ్చింది. తను యూనివర్సిటీలో పరిశోధన చేస్తోంది. పెద్ద యంత్రంలో సీసం పరమాణువుల నడిమి గింజల్ని ఢీకొట్టిస్తారట. వేల రేణువులు చిమ్ముతాయి. వాటిలో రెండు ఒకే దిక్కుకు పోతే, అది పుట్టుకతో వచ్చిన సంబంధమా, ఊరికే అట్లా కుదిరిందా అని కొలవడం తన పని.

ఒక పొద్దున సరోజ, నాయన మాదిరే తూర్పు బోరులో రాయి వేసింది. నేను పడమటి బోరు పక్కన కూర్చుని పళ్లు తోముకుంటున్నాను. నా పక్కనున్న గొట్టంలోంచి రాయి తగిలిన చప్పుడు. వెంటనే "ఉస్". అదే గరగర. వేపపుల్ల జారి పడింది.

చెబితే సరోజ నవ్వలేదు. "అట్లా అనిపించిందేమో, చూద్దాం ఉండన్నా" అంది.

ఒక ఢీలో పుట్టిన రేణువుకు ఇంకో ఢీలో పుట్టినదాన్ని జత కట్టి చూస్తారట వాళ్లు. ఏ సంబంధమూ లేని ఆ జతలోనూ పోలిక కనిపిస్తే అది యంత్రం చేసే మోసం, తీసి పారేయాల్సిందే. అందుకని ముందు పక్కచేను మద్దిలేటన్న ఎండు బోరులో రాళ్లు వేసింది. పడమటి బోరులో నాకేమీ వినబడలేదు. మా తూర్పు బోరులో వేసినప్పుడల్లా రాయి చప్పుడూ నిట్టూర్పూ వచ్చాయి. చోట్లు మార్చుకున్నాం. ఈసారి తను విని, చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది.

"రెండింటికీ సంబంధం ఉండాదన్నా. గాలి అనుకుందామంటే, గాలికి నాయన గొంతు యాడిది?"

సంబంధం ఉందంటే నీళ్లున్నట్టే అనుకున్నాను నేను. నాయన చోటు చూపిస్తున్నాడనుకున్నాను. చెట్లు కొట్టడం ఆపించి, రెండు బోర్లకూ నడుమ బోరుబండి పెట్టించాను. సాయంత్రం దాకా తెల్లటి దుమ్మే లేచింది. చీనీ ఆకులూ మా తలలూ ఒకటే రంగు. బండి వెళ్లిపోయింది. తర్వాత గొడ్డళ్లు వచ్చాయి.

రాతిలో చీలిక ఉంటే చప్పుడు పాకవచ్చని సరోజ ఫోన్లో చెప్పింది. నిట్టూర్పు సంగతి అడిగితే, అమ్మకు ఫోనివ్వమంది. ఇప్పుడు ఆ చేనులో మొద్దులే ఉన్నాయి. అయినా తూర్పున ఎవరైనా రాయి వేస్తే పడమట అది వినబడుతూనే ఉంది. ఎందుకో నాకు తెలియదు.

బోరుబండి పోయిన రోజు, దుమ్ము కడుక్కోకుండానే అమ్మ దగ్గర కూలబడ్డాను. "ఆడ నీళ్లుండాయని నాయన చెప్తాండాడనుకుంటి మా" అన్నాను.

అమ్మ నా తల దులుపుతూ అంది: "ఏమప్పా, నీళ్లుంటే మీ నాయన ఉస్సురని ఎందుకంటాడు?"